మాటకు వణికే బిడ్డలు

(మన దేవస్థాన మండపంలో ఏకాదశి సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏకాదశి నాడు భాగవతం నుంచో భారతం నుంచో ఒక ఘట్టం తీసుకొని చెప్పుకోవడం మన అలవాటు. ఈనాటి విషయం కొంత వేరు. కొంతకాలంగా హారతి ముగిసిన తరువాత కొందరు తల్లులు మండపం చివర ఆగుతున్నారు. పక్కన ఎవరూ లేరని చూసుకొని ఇంచుమించు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "పంతులుగారూ, మా పిల్లగాడు ఏం చెప్పినా ఇనడు. పండ్లు తోముకొమ్మంటే గంటసేపు లొల్లి. బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటడు, కక్కుకుంటడు. వాడే అడిగిన జాతరకు తీస్కపోతనంటే బయలెల్లే టైముకు చెప్పులు ఇసిరికొడ్తడు. తెలివిలేనోడు గాదు. గ్రహం బాగలేదా? శాంతి చేయించాల్నా?"

ఆ తల్లులకు అప్పటికే మూడు సలహాలు అంది ఉంటాయి. బంధువులు కొట్టమని చెబుతారు. ఇరుగుపొరుగు తాయెత్తు కట్టించమంటారు. అత్తవారింటివారు పెంపకం బాగాలేదంటారు. ఈ మూడింటిలో ఏదీ ఆ బిడ్డకు మేలు చేయదు. అందుచేత ఈ సభలోనే నాలుగు మాటలు చెప్పడం ధర్మమని అనిపించింది. నేను వైద్యుణ్ణి కాను. వైద్యులు, ప్రత్యేక విద్య నేర్పే ఉపాధ్యాయులు చెప్పగా తెలుసుకొన్నదానిని నేను చదువుకొన్న శాస్త్రం వెలుగులో మీకు విన్నవిస్తున్నాను.

మాట వినని పిల్లలందరూ ఒకటి కారు. ఆటమీది మోజుతో వినని పిల్లవాడు ఉంటాడు. గారాబంతో వినని పిల్లవాడు ఉంటాడు. వీరిద్దరూ కాక మూడవవాడు ఒకడున్నాడు. "చెయ్యి" అనే మాట చెవిన పడగానే వాని గుండె దడదడలాడుతుంది. ఒళ్ళు బిగుసుకొంటుంది. మనకు అది పళ్ళు తోముకోవడమనే చిన్న పని. వానికి అది ఎవరో మెడ పట్టుకొని నెడుతున్నట్టు ఉంటుంది. పైకి కనిపించేది మొండితనం, లోపల ఉన్నది భయం.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పిల్లల మనస్తత్వాన్ని అధ్యయనం చేసిన ఎలిజబెత్ న్యూసన్ అనే విదుషి 1980వ దశకంలో ఇటువంటి పిల్లలను గుర్తించి, ఈ స్వభావానికి పెథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్ అని పేరు పెట్టింది. 2003లో తన సహచరులతో కలిసి ఒక వైద్య పత్రికలో దీనిని వివరించింది. వాడుకలో పి.డి.ఎ. అంటున్నారు. రోజువారీ జీవితంలో ఎదురయ్యే మామూలు ఆదేశాలను కూడా తట్టుకోలేకపోవడమని దాని తాత్పర్యం. నేను నా సౌకర్యం కోసం దీనిని ఆదేశభీతి అంటాను. ఈ స్వభావం కలవారిలో కొందరికి తమను రోగులనడం ఇష్టం లేదు. వారు అవే మూడు అక్షరాలకు, స్వాతంత్ర్యం కోసం జీవితమంతటా వ్యాపించిన తపన అని వేరే అర్థం చెప్పుకొంటున్నారు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి రోగాల పట్టికలో గాని, అమెరికా మనోవైద్యులు అనుసరించే గ్రంథంలో గాని ఇది విడి వ్యాధిగా లేదు. ఆటిజంలో ఇదొక రూపమని చాలామంది అంటారు. తీవ్రమైన ఆందోళన వలన కలిగే ప్రవర్తన అని మరికొందరు అంటారు. కనుక మీరు వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన చీటీ మీద ఈ పేరు రాయకపోవచ్చు. ఆటిజం అనో, ఆందోళన అనో రాయవచ్చు. అంతమాత్రాన మీరు చెప్పిన బాధ అబద్ధమైపోదు. పేరు విషయంలో పండితులకు వాదముంది. బిడ్డ పడే బాధ విషయంలో వాదం లేదు.

దీని లక్షణాలు కొన్ని చెబుతాను. ఒక్క లక్షణం చూసి నిర్ణయానికి రాకండి, నిర్ణయం వైద్యులది. మొదటిది, ఈ పిల్లలు ఊరికే "చెయ్యను" అనరు. ఉపాయాలు పన్నుతారు. "కాళ్ళు పని చేయడం లేదు" అంటారు. మాట మారుస్తారు. మిమ్మల్ని పొగుడుతారు, బేరమాడతారు. "నేను పిల్లిని, పిల్లులు అన్నం తినవు" అని వేషంలోకి వెళ్ళిపోతారు. ఏ ఉపాయమూ పారనప్పుడు అరుపులు, ఏడుపు, విసరడం, కొరకడం. అది నాటకం కాదు. పొంగిన పాలు ఎలా ఆగవో అదీ అంతే. రెండవది, తమకు ఇష్టమైనదానిని కూడా చేయలేకపోతారు. ఆకలి వేస్తుంది, తినలేరు. ఎందుకంటే ఆకలి కూడా లోపలినుంచి వచ్చే ఒక ఆజ్ఞే. జాతరకు పోవాలని వారమంతా కలవరించిన పిల్లవాడు ఆ గడియ వచ్చేసరికి కదలలేకపోవడానికి కారణమిదే. మూడవది, మాటకారితనం. కలుపుగోలుగా ఉంటారు, చూసేవారికి ఏ లోపమూ కనిపించదు. నాలుగవది, బడిలో రోజంతా బిగబట్టుకొని బుద్ధిగా కూర్చొని, ఇంటి గడప తొక్కగానే బద్దలయ్యేవారు ఉన్నారు. "మా దగ్గర బాగానే ఉంటాడమ్మా, తప్పంతా మీ ఇంట్లోనే" అని ఉపాధ్యాయులు అనడానికి మూలమిదే. నిజానికి ఆ బిడ్డ తన భయాన్ని తల్లి ఒడిలోనే దించుకోగలుగుతున్నాడు.

ఆడపిల్లల సంగతి మరచిపోవద్దు. న్యూసన్ చూసిన పిల్లలలో ఆడపిల్లలు, మగపిల్లలు ఇంచుమించు సమానంగా ఉన్నారు. మన ఇళ్ళలో ఆడపిల్ల ఎదురు చెబితే పొగరు అని ఒక్క మాటతో తేల్చేస్తాము. వైద్యుని దాకా ఆ మాట పోనే పోదు.

మన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో ఈ బిడ్డల కష్టం ఇంకొంచెం ఎక్కువ. పాశమైలారంలోనో, బొల్లారంలోనో, గడ్డపోతారంలోనో తండ్రికి షిఫ్టు డ్యూటీ. రాత్రి పని చేసి వచ్చి పగలు పడుకొంటాడు. ఒకే గది. "చప్పుడు చేయకు, పరుగెత్తకు, టీవీ పెట్టకు, నాన్న లేస్తాడు" అని ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ బిడ్డ చెవిలో ఆదేశాలే. వారం మారితే షిఫ్టు మారుతుంది, భోజనం వేళ మారుతుంది, నిద్ర వేళ మారుతుంది. రేపు ఏమి జరుగుతుందో తెలియని చోట ఆందోళన పెరుగుతుంది. బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలకైతే పిల్లవానిని ఒక పూట పట్టుకొనే అమ్మమ్మ కూడా ఇక్కడ ఉండదు. తండ్రి అలసట నిజం, తల్లి ఒంటరితనం నిజం. వారిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. బిడ్డ నెత్తిన ఎన్ని ఆదేశాలు పడుతున్నాయో ఒక్క రోజు లెక్కపెట్టమని మనవి చేస్తున్నాను. లెక్కపెట్టినవారికి చికిత్సలో మొదటి మెట్టు దొరికినట్టే.

ఇక కొట్టే విషయం. పిల్లలను కొట్టడానికి సమర్థనగా దండానికి పది గుణాలున్నాయని చెప్పే శ్లోకం మనవాళ్ళు తరచుగా చదువుతారు. చివరి పాదం మాత్రమే చదువుతారు, మొదటి మూడు పాదాలు చదవరు. ఆ పది ఏమిటో లెక్కపెట్టి చూడండి. పక్షి, కుక్క, శత్రువు, పాము, పశువు, బురద, నీరు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. ఈ పది చోట్ల చేతికర్ర పనికివస్తుందని కవి చెప్పాడు. ఇందులో బిడ్డ ఎక్కడా లేడు. డెబ్బై దాటిన నాకు ఆ కర్ర అవసరం గాని, ఏడేళ్ళవాని వీపు మీద దానికి పని లేదు. దేశపు చట్టం కూడా ఇదే చెబుతోంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించే విధంగా హింసించడాన్ని నిషేధించింది. ఆదేశభీతి ఉన్న బిడ్డను కొడితే భయానికి భయం తోడవుతుంది. ఈ రోజు లొంగినట్టు కనిపిస్తాడు. రేపు బడి పేరు ఎత్తితేనే వణుకుతాడు. "ఇది చేస్తే చాక్లెట్ ఇస్తాను" అనే పద్ధతి కూడా ఈ పిల్లల దగ్గర ఎక్కువ రోజులు సాగదు. ఆ బహుమానం వెనుక ఉన్న ఆజ్ఞను వారు పసిగడతారు.

మరి ఏమి చేయాలి? పంచతంత్రం ఎలా పుట్టిందో గుర్తు చేసుకోండి. మహిలారోప్యం అనే నగరంలో అమరశక్తి అనే రాజుకు ముగ్గురు కొడుకులు. చదువంటే గిట్టనివారు. వ్యాకరణానికే పన్నెండేళ్ళు పడుతుందని మంత్రులు చెప్పారు. ఎనభై ఏళ్ళ విష్ణుశర్మ వచ్చి, తాను విద్యను అమ్ముకోనని అగ్రహారాలు నిరాకరించి, ఆరు నెలల గడువు పెట్టి రాజకుమారులను తన ఇంటికి తీసుకొనిపోయాడు. అక్కడ కూర్చోబెట్టి వల్లె వేయించలేదు. సింహం కథ, ఎద్దు కథ, నక్కల కథ చెప్పాడు. ఆ రాజకుమారులకు ఆదేశభీతి ఉన్నదని నేను అనడం లేదు. తలుపు మూసుకొన్న మనసులోకి కిటికీగుండా ఎలా వెళ్ళాలో ఆ వృద్ధునికి తెలుసు అంటున్నాను. మన ఆలంకారికులు కూడా ఉపదేశం మూడు తీరులన్నారు. వేదం రాజువలె శాసిస్తుంది, పురాణం మిత్రునివలె చెబుతుంది, కావ్యం ప్రియురాలివలె ఒప్పిస్తుంది. మన ఇళ్ళలో పిల్లలతో మాట్లాడేటప్పుడు మొదటి తీరు ఒక్కటే మిగిలింది.

దీనిని ఇంకా సూక్ష్మంగా చూపినవాడు పాణిని. సంస్కృతంలో లిఙ్ అనే క్రియారూపం ఉంది. చేయాలి, చేయవచ్చు, చేస్తే బాగుండును అనే భావాలన్నీ దానితోనే చెబుతాము. దానికి ఆయన ఆరు అర్థాలు చూపాడు. కాశికావృత్తి వాటిని ఉదాహరణలతో విడమరచింది. వ్యాకరణం చదివే రోజులలో ఈ ఆరూ పరీక్ష కోసం కంఠస్థం చేశాము. ఇప్పుడు ఆ తల్లుల మాటలు వింటుంటే ఇవి ఇంటికి పనికివచ్చే ఆరు మెట్లుగా కనిపిస్తున్నాయి.

మొదటిది విధి. యజమాని సేవకునికి ఇచ్చే ఆజ్ఞ. "లే. స్నానం చెయ్యి. బట్టలు వేసుకో." మన నిత్యసంభాషణ ఇదే. ఈ బిడ్డకు గుచ్చుకొనేదీ ఇదే.

రెండవది నిమంత్రణం. పిలుపులాగే ఉంటుంది గాని తప్పించుకోవడానికి వీలులేనిది. శ్రాద్ధభోజనానికి దౌహిత్రుని పిలిచినట్టు. "మా బంగారు కదూ, అమ్మ మీద ప్రేమ ఉంటే తింటావు కదూ" అనడం ఈ కోవలోనిది. మనం తియ్యగా అడిగాము అనుకొంటాము. బిడ్డకు అది తేనె పూసిన ఆజ్ఞగానే వినిపిస్తుంది. "శభాష్, రోజూ ఇలాగే చెయ్యాలి" అనే మెప్పు కూడా ఇటువంటిదే. శభాష్ దగ్గర ఆగితే మెప్పు, తరువాతి ముక్క ఆజ్ఞ.

మూడవది ఆమంత్రణం. ఇందులో పిలుపు ఉంది, రావడం రాకపోవడం వచ్చేవాని ఇష్టం. "నీళ్ళు కాగాయి, బకెట్టు నిండింది" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోండి. "అన్నం గిన్నె ఇక్కడ పెట్టాను" అనండి. చెయ్యి అనే మాట ఎక్కడా లేదు, సమాచారం మాత్రమే ఉంది. ఐదు నిమిషాలు ఆగండి. తలుపు దగ్గర నిలబడి చూడకండి, ఆ చూపు కూడా ఆజ్ఞే.

నాలుగవది అధీష్టం. పెద్దలను గౌరవించి ఒక పనిలో నియోగించడం. మా పిల్లవానికి చదువు చెప్పండని గురువును అడిగినట్టు. ఈ బిడ్డను గురువు స్థానంలో పెట్టండి. "ఈ ఫోనులో ఈ బొమ్మ ఎలా పెద్దది చేయాలో నాకు రావడం లేదు, చూపిస్తావా?" "పిండి మెత్తగా అయిందో లేదో నీ వేళ్ళకే బాగా తెలుస్తుంది." తనకు తెలిసినది చెప్పే చోట భయం తగ్గుతుంది.

ఐదవది సంప్రశ్నం. ఇది చేద్దామా, అది చేద్దామా అని కలిసి విచారించడం. "ముందు స్నానమా, ముందు టిఫినా?" "చెప్పులతో నడుద్దామా, బూట్లతోనా?" తెలుగులో మనకు "దాము" అనే చక్కని ప్రత్యయం ఉంది. పోదాము, తిందాము, చూద్దాము. అందులో చెప్పేవాడూ చేరతాడు. నీవు ఒక్కడవే చేయాలనే బరువు పోతుంది. రెండు దారులు చాలు. ఐదు దారులు చూపితే ఎంచుకోవడమే మళ్ళీ ఒక బరువు.

ఆరవది ప్రార్థన. తన కోరికను తనదిగా చెప్పుకోవడం. "నాకు తల నొప్పిగా ఉంది, కాసేపు నిశ్శబ్దంగా ఉంటే బాగుండును." దీనికి బిడ్డ లొంగినా లొంగకపోయినా కోపం తెచ్చుకోకూడదు. కోపం వస్తే అది ప్రార్థన కాదు.

ఈ ఆరింటిలో మొదటి రెండూ తగ్గించి, మిగిలిన నాలుగూ పెంచమని నా మనవి. అయితే దీనిని మోసపు విద్యగా వాడకండి. ఆమంత్రణం చేసినప్పుడు బిడ్డ రానంటే "సరే" అనగలగాలి. అనలేకపోతే మీరు చేసినది ఆమంత్రణం కాదు, నిమంత్రణమే. ఈ పిల్లలు ఆ తేడాను వ్యాకరణ పండితుల కంటే త్వరగా కనిపెడతారు.

ఒక ఉదాహరణ చెబుతాను. సాయంకాలం నేను పిల్లలకు స్తోత్రపాఠం చెబుతుంటాను. పదకొండేళ్ళ బాలుడు ఒకడు తల్లితో వచ్చేవాడు. తండ్రి మందుల కంపెనీలో కార్మికుడు. బడివారు ఆ పిల్లవానిని అదుపు చేయలేమని రెండుసార్లు ఇంటికి పంపించారు. మొదటి రోజు వాడు కూర్చోలేదు, స్తంభం చాటున నిలబడ్డాడు. తల్లి సిగ్గుతో "కూర్చో, కూర్చో" అని చేయి లాగుతుంటే, ఆ స్తంభం దగ్గర కూడా గాలి బాగా వస్తుందిలే అమ్మా అని చెప్పి పాఠం సాగించాను. ఐదారు రోజులు అలాగే గడిచాయి. ఒకనాడు ఒక పిల్ల "ష" బదులు "స" పలికింది. స్తంభం వెనుక నుంచి గొంతు వినిపించింది, "అది ష." నేను పిల్లలందరి ముందు వాడిని పొగడలేదు. పాఠం అయ్యాక, "నా చెవి మునుపటిలా లేదు నాయనా. ఎవరు ఎక్కడ తప్పు పలుకుతున్నారో నాకు చెప్పేవారు ఒకరు ఉంటే బాగుండును" అని నాలో నేను అనుకొన్నట్టు అన్నాను. మరునాటి నుంచి వాడు స్తంభం చాటునే ఉండి వేలు ఎత్తడం మొదలుపెట్టాడు. ఆ నెల ముగిసేసరికి స్తోత్రమంతా వానికి వచ్చింది. ఎవరూ చదవమని అనలేదు. తరువాత ఒక వారం రానే లేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. మళ్ళీ వచ్చాడు. ఈనాటికీ అందరితో వరుసలో కూర్చోడు. కూర్చోవాలని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు.

ఈ పద్ధతితో ప్రతి పూటా గెలుస్తామని అనుకోవద్దు. కొన్ని రోజులు ఆరు మెట్లూ విఫలమవుతాయి. ఆ రోజు ఆదేశాలను దాదాపు శూన్యం చేయండి. స్నానం ఒక రోజు ఆగితే ఆపద లేదు. వాడు తినేది ఒకే వంటకమైతే ఆ రోజుకు అదే పెట్టండి. దేనికి పట్టుబట్టాలో ముందే నిర్ణయించుకోండి. ముంబయి రోడ్డు మీద లారీల మధ్యకు పరుగెత్తరాదు, నిప్పుతో ఆడరాదు, ఇతరులను గాయపరచరాదు. ఇటువంటివి రెండో మూడో మాత్రమే విధులుగా ఉంచండి. ఎందుకో కారణం కూడా చెప్పండి. తక్కినవన్నీ బేరానికి వదలండి. విధులు తక్కువైన ఇంట్లో విధికి విలువ ఉంటుంది.

బిడ్డ బద్దలైనప్పుడు ఉపదేశం చేయకండి. ఆ సమయంలో వానికి మాటలు వినిపించవు. దెబ్బ తగిలే వస్తువులు పక్కకు తీసి, చూసేవారిని పంపించి, గొంతు తగ్గించి దగ్గరలో ఉండండి. చల్లబడిన తరువాత కూడా "చూశావా ఏం చేశావో" అని లెక్క చెప్పకండి. వానికి అప్పటికే సిగ్గు. నీళ్ళు ఇవ్వండి చాలు.

వీరు పెద్దవారు కూడా అవుతారు. ఇరవై రెండేళ్ళ కొడుకు ఏ ఫ్యాక్టరీలోనూ నెల దాటి నిలవడం లేదని బాధపడే తల్లిదండ్రులు ఇక్కడ ఉన్నారు. సూపర్‌వైజరు గంటకోసారి వచ్చి ఇలా చెయ్యి, అలా చెయ్యి అనే పని వారికి సరిపడదు. ఏమి కావాలో చెప్పి ఎలా చేయాలో వారికే వదిలే పని చూడాలి. మరమ్మతులు, కుట్టుపని, నర్సరీ తోటపని, కంప్యూటరు పని ఏదైనా కావచ్చు. కార్ఖానాలలో పది మందిని అజమాయిషీ చేసే భక్తులు కూడా ఈ సభలో ఉన్నారు. మీ కింద పనిచేసేవారిలో ఇటువంటివారు ఒకరు ఉండవచ్చునని గమనించండి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది? అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు పిల్లలను పరీక్షించే వైద్య బృందాలు వస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలను చూస్తారు. వారి ముందు మీ మాట దాచకండి. మండలాలలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాదు బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. పాతవారు ఎన్.ఐ.ఎం.హెచ్. అంటారు, ఇప్పుడు నీపిడ్ అని పేరు. మనకు బాలానగర్ దారిలో ఒక పూట ప్రయాణం. మనసు మరీ కుంగిన రాత్రి మాట్లాడడానికి ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు బిడ్డకంటే ముందు తల్లికి అవసరం.

హక్కుల సంగతి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 నాటి చట్టం ఇరవై ఒక్క వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. ధ్రువపత్రం ఉంటే పింఛను వంటి సదుపాయాలకు, బడిలో వెసులుబాట్లకు దారి ఏర్పడుతుంది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత సంరక్షకుని నియమించవలసి వస్తే జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ చూస్తుంది. ధ్రువపత్రం తీసుకొంటే మచ్చ పడుతుందని భయపడకండి. అది గొడుగు వంటిది.

ఇక నా దగ్గరకు వచ్చిన ప్రశ్న, గ్రహదోషమా అని. అమ్మా, శాంతి చేయించుకోవాలని మీ మనసుకు ఉంటే చేయించుకోండి. అది మీ మనశ్శాంతికి, మీ ధైర్యానికి. ఆ పేరుతో వైద్యుని దగ్గరకు వెళ్ళడం ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. బిడ్డను గంటలకొద్దీ పీటల మీద కూర్చోబెట్టకండి. గాలి సోకిందని వాతలు పెట్టేవారి దగ్గరకు, కొరడాతో కొట్టేవారి దగ్గరకు ఎంతమాత్రం తీసుకొనిపోకండి. అది పాపం, నేరం కూడా. పూర్వజన్మ కర్మ అని కొందరు అంటారు. కర్మసిద్ధాంతం నా నడవడిని నేను దిద్దుకోవడానికి చెప్పినది. ఎదుటివారి కష్టానికి తీర్పు చెప్పడానికి కాదు. నీళ్ళలో పడ్డవానిని చూసి ఇది వాని కర్మ అనుకొని గట్టున నిలబడినవాడు అక్కడే కొత్త కర్మ మూటగట్టుకొంటున్నాడు.

చివరగా ఈ దేవస్థానానికి వచ్చే మనందరికీ కొన్ని వినతులు. ఒక బిడ్డ క్యూలో కేకలు పెడితే తల్లి ముఖం వైపు చూడకండి. వీలైతే ముందుకు దారి ఇవ్వండి. నమస్కారం పెట్టు, తీర్థం తీసుకో, గుంజీలు తియ్యి అని ముక్కూముఖం తెలియని పిల్లలకు ఆజ్ఞలు ఇవ్వకండి. తల వంచి మెడ పట్టి మొక్కించకండి. గర్భాలయం దాకా రాలేని బిడ్డ ధ్వజస్తంభం దగ్గర నిలబడితే స్వామికి కనిపించడా? మైకు మోత, గంటల మోత కొందరు పిల్లలకు నిజంగా బాధ కలిగిస్తాయి. పండుగ రోజు కాకుండా మామూలు రోజు మధ్యాహ్నం ముందు రమ్మని ఆ తల్లులకు చెప్పండి. ఉపాధ్యాయులు సభలో ఉంటే, ఆ పిల్లవానిని పేరు పెట్టి లేపి నిలబెట్టి అడిగే ప్రశ్నలు తగ్గించండి. పొరుగువారు ఉంటే, ఆ తల్లి ఒక గంట కళ్ళు మూసుకొనేలా బిడ్డ దగ్గర కూర్చోండి. వానికి ఏమీ చెప్పకండి, ఊరికే కూర్చోండి.

మీకందరికీ తెలిసిన గ్రంథంతో ముగిస్తాను. గీత మొదటి అధ్యాయంలో అర్జునుని స్థితి చూడండి. అవయవాలు పట్టు తప్పాయి. నోరు ఎండింది. ఒళ్ళు వణికింది. గాండీవం చేతి నుంచి జారింది. మహావీరునికి కూడా భయం, శోకం కలిసి వచ్చినప్పుడు శరీరం అలా మొండికేస్తుంది. శ్రీకృష్ణుడు మొదట రెండు శ్లోకాలలో మందలించాడు. ఫలితమేమిటి? అర్జునుడు ఇంకా వాదించి, యుద్ధం చేయనని చెప్పి, మౌనం వహించాడు. అప్పుడు స్వామి మళ్ళీ గద్దించలేదు. చిరునవ్వుతో మొదలుపెట్టి, అడిగిన ప్రతి ప్రశ్నకు జవాబు చెప్పి, పద్దెనిమిదవ అధ్యాయం దాకా ఓపిక పట్టి, చివరకు అంతా బాగా ఆలోచించుకొని నీకు ఇష్టమైనట్లు చేయమన్నాడు. జగత్తును శాసించేవాడు మిత్రునికి ఎంపిక ఇచ్చాడు. నీ మాట ప్రకారం చేస్తానని అర్జునుడు అన్నది ఆ తరువాతనే. మన పిల్లలందరూ అలా అంటారని నేను మాట ఇవ్వలేను. ఆ చిరునవ్వు, ఆ ఓపిక, ఆ ఎంపిక ఇవ్వడం మాత్రం మన చేతిలో ఉన్నవి.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళి "పడుకో" అనబోయేటప్పుడు ఒక్క క్షణం ఆగి, "దుప్పటి పరిచాను" అని చెప్పి చూడండి.

స్వస్తి.